పర్ణశాలల పండుగ మన పిల్లలకు ఎప్పుడు?

మే నెలలో వీబీఎస్, డిసెంబరులో క్రిస్మస్ నాటిక, మధ్యలో ఎప్పుడో ఒక యూత్ రిట్రీట్. మన సంఘాల్లో పిల్లల కోసం జరిగేది దాదాపు ఇంతే. ఇవన్నీ మంచివే, ఆగిపోకూడనివే. కానీ ఒక సంగతి గమనించండి. వీటన్నిటిలో పిల్లలు ఒకచోట ఉంటారు, పెద్దలు మరోచోట ఉంటారు. అందరూ నాలుగు గోడల మధ్య, ఫ్యాను కింద, మైకు ముందే ఉంటారు. అమ్మ, నాన్న, పిల్లలు, తాతయ్య, నాయనమ్మ కలిసి ఒక పగలంతా ఆకాశం కింద గడిపే రోజు సంఘం క్యాలెండరులో కనిపించదు.

గంజాం జిల్లాలో, ముఖ్యంగా బరంపురం చుట్టుపక్కల ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలను మనసులో పెట్టుకొని ఈ మాటలు రాస్తున్నాం. పిల్లలతో కలిసి కొండ ఎక్కడం, సైకిలు తొక్కడం, పడవలో వెళ్లడం, ఆరుబయట ఒక రాత్రి నిద్రపోవడం డబ్బున్నవాళ్ల సరదా అని మనలో చాలామంది అనుకుంటారు. ఇంకొందరు అది లోకసంబంధమైన విహారం అంటారు. ఈ రెండు మాటలతోనూ మేము ఏకీభవించం. ఇది మన విశ్వాసంలోనే ఉన్న పని. ఇందులో విశ్రాంతి హక్కు ఉంది, సమానత్వం ఉంది, సృష్టి పట్ల బాధ్యత ఉంది. ఈ మూడూ లేకుండా చేస్తే మాత్రం అది నిజంగానే వట్టి షికారు అవుతుంది.

గుడారం మన గ్రంథంలోనిదే

లేవీయకాండం 23వ అధ్యాయం తీసి చూడండి. పంటలు ఇంటికి చేరాక ఇశ్రాయేలీయులు ఏడు రోజులు ఇళ్లు విడిచి, కొమ్మలతో వేసిన పందిళ్లలో ఉండాలని దేవుడు ఆజ్ఞాపించాడు. దాన్నే పర్ణశాలల పండుగ అంటున్నాం. ఎందుకు ఉండాలో కూడా అక్కడే ఉంది. ఐగుప్తులో నుంచి బయటికి వచ్చిన తమ పితరులు ఎలా బతికారో రాబోయే తరాలకు తెలియాలి. అంటే స్వాతంత్ర్యం అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి దేవుడు ఎంచుకున్న తరగతి గది ఆరుబయట ఉంది. పాఠం నోటితో చెప్పి ఊరుకోలేదు, ఒంటితో అనుభవించమన్నాడు.

ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయంలో ఇదే పండుగకు ఎవరెవరు రావాలో జాబితా ఉంది. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తల్లిదండ్రులు లేనివాడు, విధవరాలు. ఈ జాబితాను నెమ్మదిగా చదవండి. ఇంటి యజమాని ఒక్కడే సంతోషించమని లేదు. పనిమనిషి పందిట్లో లేకపోతే అది పండుగే కాదు. మన పిక్నిక్కులకు ఈ జాబితాను కొలతగా పెట్టుకుంటే ఎన్ని నిలబడతాయి?

యేసు ప్రభువు పన్నెండేళ్లప్పుడు నజరేతు నుంచి యెరూషలేముకు పస్కా పండుగకు వెళ్లాడు. అది వంద కిలోమీటర్లు దాటిన నడక. తిరుగు దారిలో బాలుడు కనిపించకపోతే తల్లిదండ్రులు ఒక రోజు ప్రయాణం దాకా కంగారు పడలేదు. బంధువుల్లోనో, తెలిసినవాళ్లలోనో ఉంటాడులే అనుకున్నారు. ఊరంతా కలిసి నడిచేది, అందరి పిల్లలనూ అందరూ చూసుకునేవారు. తర్వాత ఆయన పరిచర్య కూడా ఎక్కువగా కొండమీద, సరస్సు ఒడ్డున, పడవలోనే సాగింది. ఆకాశ పక్షులను చూడమన్నాడు, అడవి పువ్వులను గమనించమన్నాడు. చూడమన్న ప్రభువు మాటను మనం పిల్లలకు కంఠస్థం చేయిస్తున్నాం గానీ, వాళ్లను బయటికి తీసుకెళ్లి చూపించడం లేదు.

మన గుమ్మం ముందే ఉన్నవి

బరంపురంలో ఉన్నవాళ్లకు దూరం వెళ్లాల్సిన పని లేదు. గోపాలపురం సముద్రం పదహారు కిలోమీటర్లు. ఒకప్పుడు రంగూనుకు ఓడలు సాగిన రేవు అది. వేకువనే బయలుదేరితే హైస్కూలు పిల్లలు పెద్దల తోడుతో సైకిలు మీద వెళ్లి రాగలిగిన దూరం. ఛత్రపురం వైపు వెళ్తే సరుగుడు తోటలు, మొగలి పొదలు. దేశమంతా వాడే మొగలి అత్తరుకు ఈ జిల్లా పెట్టింది పేరు. మన పిల్లల్లో ఎంతమంది మొగలి పువ్వును చెట్టు మీద చూశారు?

ఉత్తరాన రంభ దగ్గర చిలకా సరస్సు మొదలవుతుంది. హౌరా, చెన్నై రైలు మార్గంలో రంభ స్టేషను ఉంది. ప్యాసింజరు రైల్లో వెళ్లి రావచ్చు. ఉప్పునీరు, మంచినీరు కలిసే ఇంత పెద్ద సరస్సు ఆసియాలో మరొకటి లేదంటారు. 1981లో అంతర్జాతీయ రాంసార్ ఒప్పందం కింద మన దేశం నుంచి మొట్టమొదట చేరిన చిత్తడి నేలల్లో ఇది ఒకటి. చలికాలంలో వేల మైళ్లు ఎగిరి వచ్చిన పక్షులు ఇక్కడ దిగుతాయి. మోటారు పడవలో హోరెత్తిస్తూ వెళ్లేకంటే తెడ్డుతోనో, గెడతోనో నడిపే చిన్న పడవ ఎక్కండి. పక్షి బెదరదు, పిల్లలకు నీటి చప్పుడు వినిపిస్తుంది, పడవవాడికి కూలి దక్కుతుంది.

పడమట తప్తపాణి వేడినీటి ఊట, దాని చుట్టూ అడవి. దక్షిణంగా, 1992 దాకా గంజాం జిల్లాలోనే ఉండి తర్వాత గజపతి జిల్లాలో చేరిన మహేంద్రగిరి. దాని ఎత్తు 1,501 మీటర్లు. కాలేజీ వయసు పిల్లలున్న కుటుంబాలకు తగిన కొండ అది. పైన ఇతరులు పవిత్రంగా చూసుకునే పాత గుళ్లు ఉన్నాయి. మన గుడి దగ్గర ఇతరులు ఎలా మెలగాలని కోరుకుంటామో, అక్కడ మనం అలా మెలగాలి.

పురుషోత్తంపురం దగ్గర ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. అశోకుడి శాసనాలు చెక్కిన బండ అది. మనుషులందరూ తన బిడ్డలవంటివారని చక్రవర్తి అందులో చెప్పుకున్నాడు. అయితే పిల్లలకు చెప్పాల్సిన మరో సంగతి ఉంది. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షా యాభై వేలమందిని చెరపట్టారని అశోకుడు వేరే చోట్ల చెక్కించిన శాసనంలో ఉంది. ఆ యుద్ధం జరిగిన ఈ కళింగ నేలమీద, ధౌళిలోనూ జౌగడలోనూ మాత్రం ఆ శాసనం లేదు. ఓడినవాళ్ల పిల్లల కళ్లముందు ఆ లెక్క పెట్టలేదు. ఏ రాతి మీద ఏం రాశారో చదవడమే కాదు, ఏం రాయలేదో అడగడం కూడా నేర్పాలి. ఆ బండ ముందు నిలబడి చెబితే పదేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది.

నాన్న ఇంట్లో లేని కుటుంబం

కుటుంబంతో విహారం అనగానే ఈ జిల్లాలో ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. నాన్న ఎక్కడ?

గంజాం నుంచి లక్షలాదిమంది సూరత్‌కు వెళ్లి మరమగ్గాల మీద పనిచేస్తున్నారు. పన్నెండు గంటల షిఫ్టులు. ఒకే గదిలో పగటి షిఫ్టువాళ్లు లేచిన చోట రాత్రి షిఫ్టువాళ్లు పడుకుంటారు. 2020 మే నెలలో కరోనా లాక్‌డౌన్ వేళ ప్రత్యేక రైళ్లలో వాళ్లు తిరిగి వచ్చినప్పుడు ఈ సంగతి దేశం మొత్తానికీ కొత్తగా తెలిసింది. గంజాం పల్లెలకు అది కొత్త కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే అతిథిగానే చాలామంది పిల్లలకు నాన్న తెలుసు.

ఇలాంటి చోట, వారాంతంలో పిల్లలతో గడపండి అని సలహా ఇవ్వడం తేలిక. వారాంతమే లేనివాడికి ఆ సలహా ఎలా పనికొస్తుంది? విశ్రాంతి దినపు ఆజ్ఞలో ఇంటి యజమాని మాత్రమే లేడు. దాసుడు, దాసి, పరదేశి, చివరికి ఎద్దు, గాడిద కూడా ఉన్నాయి. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం దీనికి కారణం కూడా చెబుతుంది. మీరు కూడా ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, గుర్తుపెట్టుకోండి అని. అంటే విశ్రాంతి అనేది మొదట కూలివాడి హక్కు, తర్వాతే యజమాని సౌకర్యం. ఆదివారం గుడికి రాలేదని వలస కూలీని నిలదీసే మనం, ఆదివారం కూడా మగ్గం ఆపని యజమానిని ఎన్నిసార్లు నిలదీశాం?

1894లో బరంపురంలోనే, ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి గారు రైల్వే కార్మికుల సంఘాల్లో పనిచేసి, కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో ఆ పదవికి రాజీనామా చేశారు. తర్వాత 1969లో రాష్ట్రపతి అయ్యారు. కార్మికుడి పక్షాన నిలబడిన మనిషి పుట్టిన ఊళ్లో, కార్మికుడి బిడ్డకు తండ్రితో ఒక రోజు దొరకకపోవడం చిన్న విషయం కాదు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ప్రతి బిడ్డకూ విశ్రాంతి, ఆట, తీరిక హక్కులని చెబుతుంది. 1992లో భారతదేశం దానికి ఒప్పుకుంది. ఇది దయ కాదు, హక్కు.

అందుకే మా మొదటి కోరిక ఇది. సంఘం కుటుంబ విహారాన్ని పాస్టరుగారి వీలునుబట్టి, బస్సు వీలునుబట్టి కాకుండా, వలస వెళ్లిన తండ్రులు ఊరికి వచ్చే రోజులనుబట్టి పెట్టండి. నాన్న రాలేని ఇంటి పిల్లలను ఇంకో కుటుంబం తమ పిల్లలతోపాటు తీసుకెళ్లండి. నజరేతు ఊరివాళ్లు చేసింది అదే.

ఎవరితో కలిసి వెళ్తున్నాం?

కార్తీక మాసం వస్తే తెలుగునాట వనభోజనాల బోర్డులు వెలుస్తాయి. ఉసిరిచెట్టు కింద అందరూ కలిసి తినాల్సిన భోజనం ఇప్పుడు ఏ కులానికి ఆ కులం వేసుకునే పంక్తిగా మారింది. మనం దాన్ని విమర్శిస్తాం. మరి మన సంగతి? ఏ సంఘం పిక్నిక్‌కు వెళ్లినా ఒకే పేటవాళ్లు ఒక చాప మీద, ఇంకో పేటవాళ్లు ఇంకో చాప మీద కూర్చోవడం కనిపిస్తూనే ఉంది. బాప్తిస్మం తీసుకున్న నీళ్లు ఒకటే అయినా, అన్నం గిన్నెలు వేరుగానే ఉంటున్నాయి. పిల్లలు ప్రసంగం కంటే చాపలను బాగా గుర్తుపెట్టుకుంటారు.

మన పెద్దలకు బయట నడవడమే ఒకప్పుడు పోరాటం. 1924లో కేరళలోని వైకంలో గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగడానికి డాక్టర్ అంబేద్కర్ గారు వేలమందిని వెంటబెట్టుకొని నడిచారు. ఆ చరిత్ర తెలిసిన దళిత క్రైస్తవ కుటుంబానికి తన బిడ్డ చెయ్యి పట్టుకొని ఏ దారినైనా, ఏ చెరువు గట్టునైనా తలెత్తుకొని నడవడం వట్టి కాలక్షేపం కాదు. ఈ నేల మనది కూడా అని బిడ్డ కాళ్లకు తెలియజేయడం అది.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేం. 2008 ఆగస్టులో పక్కనున్న కంధమాల్ జిల్లాలో క్రైస్తవుల ఇళ్లు, గుళ్లు తగలబెట్టినప్పుడు వేలాదిమంది పిల్లాపాపలతో అడవుల్లోకి పారిపోయి అక్కడే రాత్రులు గడిపారు. వాళ్లకు చెట్ల కింద నిద్ర అంటే విహారం కాదు, భయం. అలాంటి కుటుంబాలు మన మధ్య ఉండవచ్చు. అడవిలో క్యాంపు అంటే ఎవరైనా వెనకాడితే బలవంతం చేయకండి, వెక్కిరించకండి. పగటి నడకతో, నలుగురి తోడుతో, ఎప్పుడైనా ఇంటికి వెళ్లిపోవచ్చన్న భరోసాతో మొదలుపెట్టండి. భయపడిన చోటే మళ్లీ నవ్వడం కొందరికి ఏళ్ల తరబడి పట్టే ప్రయాణం.

ఎవరి ఊరికి వెళ్తున్నాం?

మనం వెళ్లే ప్రతి అందమైన చోటూ ఎవరో ఒకరి బతుకుతెరువు.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, గొఖర్‌కుద, పురుణబంధ, పొదంపేట ఊళ్ల తీరంలో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. ఇక్కడ ఇలా సామూహికంగా వస్తాయని శాస్త్రవేత్తలు నమోదు చేసింది 1994లోనే. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. కొన్నేళ్లు అసలు రావు. దాదాపు యాభై రోజులకు పిల్లలు బయటికి వచ్చి, వెలుతురు ఎటు కనబడితే అటు పాకుతాయి. చీకట్లో సముద్రం మీద మెరుపే వాటికి దారి. మన ఫోను టార్చి, బండి లైటు ఆ దారి తప్పిస్తాయి. అందుకే అక్కడికి వెళితే అటవీ శాఖవాళ్లు, ఊళ్లోని కుర్రాళ్లు చెప్పినట్టు వినాలి. ఫ్లాష్ వద్దు, సెల్ఫీ కోసం తాబేలును పట్టుకోవద్దు. గూట్లో తల్లి పక్షి కనబడితే తల్లినీ పిల్లలనూ కలిపి తీసుకోవద్దన్న ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయపు ధర్మం ఇక్కడ ఇసుక మీద పిల్లలకు నేర్పవచ్చు.

అయితే తాబేళ్లను చూసి ముచ్చటపడి వచ్చేస్తే సగమే చూసినట్టు. వాటి రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు ఆ తీరంలో చేపల వేట నిషేధం. ఏడు నెలలు. ఆ భారం మోస్తున్నది ఎవరు? వేటే బతుకైన గంగపుత్రులు. గోపాలపురం నుంచి పూరి వరకు ఈ తీరంలో నోలియాలని పిలిచే బెస్తవారిలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. మన భాషవాళ్లే, మన పిల్లలు మాత్రం వాళ్లను సముద్రం దగ్గర ఫొటోలో వెనక కనబడే మనుషులుగానే చూస్తున్నారు. ఒక పూట వాళ్లతో కూర్చొని, వల ఎలా అల్లుతారో, గాలి ఎటు తిరిగితే ఏం జరుగుతుందో, నిషేధపు నెలల్లో పొయ్యి ఎలా వెలుగుతుందో పిల్లలను అడగనివ్వండి. ప్రభువు శిష్యుల్లో జాలరులున్నారని చెప్పే మనకు, జాలరి ఇంటి గడప తెలియకపోతే ఎలా?

చిలకా కూడా అంతే. 1990ల మొదట్లో అక్కడ ఒక పెద్ద కంపెనీతో కలిసి రొయ్యల సాగు పథకం తలపెట్టినప్పుడు, మత్స్యకారులు, విద్యార్థులు కలిసి పోరాడి ఆపారు. 1996లో సుప్రీంకోర్టు చిలకా, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండకూడదని తీర్పు ఇచ్చింది. అయినా అక్రమ చెరువులు ఆగలేదు. 1999 మే నెలలో సొరాన దగ్గర పోలీసు కాల్పుల్లో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. మనం ప్రశాంతంగా పడవలో తిరిగే నీళ్లకు ఈ చరిత్ర ఉంది. పిల్లలకు పక్షుల పేర్లతోపాటు ఇది కూడా చెప్పాలి.

బుగుడ దగ్గర భేట్నొయి చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తే పొలాల్లో కృష్ణజింకలు తిరుగుతుంటాయి. కంచె లేదు, పార్కు లేదు, టికెట్టు లేదు. పొలంలో జింక కనబడితే వానలు కురుస్తాయని నమ్మే రైతులు, పంట కొంత పోయినా తరాలుగా వాటిని కాపాడుతున్నారు. ఆ నమ్మకం మనది కాకపోవచ్చు. కానీ ఆ త్యాగం ముందు తల వంచాలి.

కొండలకు వెళ్లేటప్పుడు గిడుగు రామమూర్తి గారిని గుర్తుచేసుకుందాం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు, సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం రాశారు. కొండకు వెళ్లి ఫొటో తెచ్చుకోవడం వేరు, కొండవాడి మాట నేర్చుకోవడం వేరు. మన పిల్లలు కనీసం నమస్కారం, నీళ్లు, చెట్టు అనే మాటలైనా సవరలోనో, కుయిలోనో నేర్చుకొని రావాలి.

అమ్మకు కూడా సెలవు

పిక్నిక్ అంటే మగవాళ్లకు వాలీబాల్, ఆడవాళ్లకు వంట. ఇంట్లో గ్యాసు పొయ్యి మీద చేసే పని అక్కడ పొగలో మూడు రాళ్ల మీద చేస్తారు. దాన్ని కుటుంబ విహారం అనలేం. అటుకులు, పులిహోర, ఉడికించిన గుడ్లు, అరటిపళ్లు మూటగట్టుకెళ్తే సరిపోతుంది. వండాలని ఉంటే ఆ రోజు నాన్నలు, మగపిల్లలు వండాలి. మార్త పనుల్లో మునిగిపోయిందని ప్రసంగాల్లో తప్పుపట్టే ముందు, ఆ పని పంచుకోవడానికి ఎవరూ లేవలేదని గమనించాలి.

ఆడపిల్లల సంగతి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. ఎదిగిన ఆడపిల్ల అని సైకిలు దింపేస్తాం, ఈత వద్దంటాం, కొండ వద్దంటాం. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలాదిమంది పల్లె మహిళలు సైకిలు నేర్చుకున్నారు. కూలివాళ్లు, క్వారీ పనివాళ్లు, నర్సులు. బస్సు కోసం, భర్త కోసం, అన్న కోసం ఎదురుచూడకుండా తమ పని మీద తాము వెళ్లగలిగారు. మన అమ్మాయి గోపాలపురం దాకా సైకిలు తొక్కిన రోజున ఆమెకు తెలిసేది దారి మాత్రమే కాదు, తన కాళ్ల సత్తువ కూడా.

నడవలేని బిడ్డ, చూపు లేని బిడ్డ సంఘంలో ఉంటే విహారం వాళ్లను బట్టి ఎంచుకోండి. మహేంద్రగిరి కాకుంటే రంభ పడవ. గుంపు వేగం ఎప్పుడూ అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ల వేగమే కావాలి. మందను, పిల్లలను చూసి నెమ్మదిగా నడుస్తానని యాకోబు ఏశావుతో అన్నాడు కదా.

ప్రార్థన ఉంది, జాగ్రత్త కూడా ఉండాలి

దేవుడు చూసుకుంటాడు అని లైఫ్ జాకెట్ లేకుండా పిల్లలను పడవ ఎక్కించడం విశ్వాసం కాదు, దేవుణ్ని శోధించడం. గోపాలపురం సముద్రం పైకి నెమ్మదిగా కనబడినా లోపలికి లాగుతుంది. నోలియాలు వద్దన్న చోట దిగకూడదు. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకకుండా, తాడో ఖాళీ డబ్బానో విసిరి, నోలియాలను కేకవేయాలి. ప్రవాహంలో చిక్కినవాళ్లు ఒడ్డుకు ఎదురీదకుండా, తీరానికి పక్కగా ఈదాలి. ఈ మాట పిల్లలకు ఒడ్డునే చెప్పి, మళ్లీ వాళ్ల చేత చెప్పించాలి.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ నడకకు మంచి కాలం. ఏప్రిల్, మే ఎండలో పిల్లలను కొండ ఎక్కించకండి. ఉరుము వినబడితే చెట్టు కింద నిలబడకుండా పక్కా ఇంట్లోకి వెళ్లాలి. అక్టోబరులో వాతావరణ హెచ్చరికలు చూడకుండా కదలకండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ గజపతి కొండలను, శ్రీకాకుళం తీరాన్ని దెబ్బతీసింది. అడవి దగ్గర రాత్రి ఉంటే దోమతెర తప్పనిసరి. ఇద్దరు పెద్దలు ఎప్పుడూ పిల్లలను లెక్కపెడుతూ ఉండాలి. పిల్లలతో ఏ పెద్దా ఒంటరిగా ఉండకూడదు. ఇది అనుమానం కాదు, ప్రతి సంఘం పాటించాల్సిన క్రమం.

సంఘాలను మేము అడిగేది

ఖరీదైన టెంట్లు, ట్రెకింగ్ బూట్లు ఎవరూ కొననక్కరలేదు. టార్పాలిన్ పట్టా, తాడు, దుప్పట్లు, నీళ్ల డబ్బా, మందుల పెట్టె చాలు. ఏడాదికి ఒక ఆదివారపు కానుకలో కొంత ఇందుకు కేటాయించండి. చార్జీలు పెట్టుకోలేని ఇంటిని అందరి ముందు పేరుపెట్టి పిలవకండి. డబ్బు అందరి నుంచీ ఒక సంచిలో తీసుకోండి, ఎవరు ఎంత వేశారో లెక్క వద్దు.

మొదటి ఏడాది ఒక్క నడక, ఒక్క పడవ, ఒక్క రాత్రి పెట్టుకుంటే చాలు. వెళ్లేచోట ముందే ఊరి పెద్దలతో మాట్లాడండి. భోజనం, పడవ, దారి చూపే మనిషి ఆ ఊరివాళ్లే కావాలి, కూలి బేరమాడకుండా ఇవ్వాలి. ప్లాస్టిక్ తీసుకెళ్తే తిరిగి మనమే తెచ్చుకోవాలి. ప్రార్థన చేద్దాం, పాట పాడుదాం, కానీ మైకు మాత్రం ఇంటి దగ్గరే వదిలేద్దాం. అవతలి ఊరివాళ్ల నిద్ర కూడా దేవుడు ఇచ్చిందే.

తాతయ్యలు, నాయనమ్మలు తప్పక రావాలి. బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకునే మన పిల్లలకు చెట్ల పేర్లు, చేపల పేర్లు, గాలుల పేర్లు తెలుగులో చెప్పగలిగినవాళ్లు వాళ్లే. ఆ పేర్లు పుస్తకం ముందు గుర్తురావు. మొగలి పొద ముందు, వల ముందు, కొండ ముందు నిలబడితే వాటంతట అవే నోటికి వస్తాయి.

యౌవనస్థులకు ఒక మాట. ఈ పని పెద్దలు మొదలుపెడతారని ఎదురుచూడకండి. రాబోయే చలికాలానికి ఇప్పుడే మీ సంఘంలో కూర్చోండి. ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయంలోని ఆ జాబితాను ఒక కాగితం మీద రాయండి. పరదేశి అన్న చోట మీ వీధిలో ఉన్న వలస కుటుంబం పేరు, తల్లిదండ్రులు లేనివాడు అన్న చోట మీకు తెలిసిన బిడ్డ పేరు, దాసి అన్న చోట మీ ఇంట్లో పనిచేసే అక్క పేరు రాయండి. అందరినీ పిలవండి. వాళ్లకు వీలైన రోజు అడగండి. ఆ తర్వాతే రైలు టికెట్లు కొనండి.